ముందు పొట్టమీద, తర్వాత మోకాళ్ల మీద: బిడ్డకు పాకడం ఎలా వస్తుంది

ఆరేడు నెలల బిడ్డ బోర్లా పడుకుని ఉంటుంది. ఎదురుగా జానెడు దూరంలో గిలక్కాయ. దాన్ని అందుకోవాలని రెండు అరచేతులూ నేలకు ఆనించి గట్టిగా తోస్తుంది. గిలక్కాయ దగ్గరకు రావాల్సింది పోయి ఇంకో జానెడు దూరం జరుగుతుంది. మళ్లీ తోస్తుంది, మళ్లీ వెనక్కే. చివరికి ఏడుపు అందుకుంటుంది. చూస్తున్నవాళ్లకు జాలేసి బొమ్మ తెచ్చి చేతిలో పెడతారు.

ఈ వెనకడుగు లోపం కాదు. ఒంటి మీద అదుపు మెడతో మొదలై భుజాలు, నడుము, తుంటి మీదుగా కిందికి దిగుతుంది. చేతులకు తోయడం వచ్చేనాటికి కాళ్లు ఇంకా పనిలోకి దిగవు. నేలను పట్టి ఒంటిని ముందుకు లాక్కోవడం చేతులకూ ఇంకా తెలియదు. అందుకే చాలామంది పిల్లలకు మొదట వచ్చే ప్రయాణం వెనక్కే. కొందరు పొట్టను ఇరుసు చేసుకుని గడియారం ముల్లులా గుండ్రంగా తిరుగుతారు. ముందుకు పాకడం ఆ తర్వాత వస్తుంది. ఈ మధ్య కాలంలో పెద్దవాళ్లు చేయగలిగింది చాలానే ఉంది, కానీ అది బిడ్డను పట్టుకుని కదిలించడం కాదు. బిడ్డ ఒళ్లు తన లెక్క తాను కట్టుకోవడానికి కావలసిన నేల, బట్ట, దూరం, సమయం అమర్చిపెట్టడం.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. పాకడం, దోగాడటం, పారాడటం, అంబాడటం అనే మాటల్ని ఒక్కో చోట ఒక్కో అర్థంలో వాడతారు. ఇంగ్లిష్‌లోనూ ఇదే చిక్కు. క్రీప్, క్రాల్ అనే మాటల్లో పొట్టమీద కదలికకు ఏది, మోకాళ్ల మీద కదలికకు ఏది అన్న విషయంలో ఫిజియోథెరపిస్టుల వాడుక ఒకటైతే ఇళ్లలో వాడుక మరొకటి. అందుకే ఎక్కడైనా సలహా చదివినప్పుడు అది ఏ దశ గురించో ముందు చూసుకోవడం మంచిది. ఈ వ్యాసంలో పాకడం అంటే పొట్ట నేలకు ఆనివుండగా ముందుకు జరగడం. దోగాడటం అంటే పొట్ట పైకి లేచి అరచేతులు, మోకాళ్ల మీద వెళ్లడం.

పాకడం అందరు పిల్లలూ చేస్తారా? చేయరు. 1940లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ గెసెల్, లూయీజ్ ఏమ్స్ బోర్లా పడుకున్న స్థితి నుంచి నడక దాకా 23 దశలు గుర్తించి వరుసగా పేర్చారు. ఒకటి దాటాకే ఇంకొకటి వస్తుందన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. 1998లో పిల్లల కదలికలను పరిశోధించే కారెన్ అడాల్ఫ్ బృందం 28 మంది పిల్లల్ని తొలి ప్రయత్నాల నుంచి నడక మొదలయ్యేదాకా వెంబడించి చూసింది. పిల్లలు ఆ వరుసను లెక్కచేయలేదు. కొందరు పొట్టమీద పాకి తర్వాత దోగాడారు, కొందరు పాకకుండానే నేరుగా మోకాళ్ల మీదికి లేచారు. పాకినవాళ్ల తీరులోనూ ఏ ఇద్దరికీ పోలిక లేదు. ఒకరు మోచేతులతో ఈడ్చుకుంటూ, ఒకరు ఒక్క కాలితో తోసుకుంటూ, ఇంకొకరు పొట్ట లేపి దబ్బున పడేసుకుంటూ ముందుకు పోయారు.

అసలు విలువైన సంగతి ఆ తర్వాత బయటపడింది. పొట్టమీద పాకినవాళ్లు దోగాడటం ముందుగా ఏమీ మొదలుపెట్టలేదు. కానీ మొదలుపెట్టిన తొలి వారాల నుంచే పాకకుండా వచ్చినవాళ్ల కంటే నేర్పుగా దోగాడారు. పొట్టమీద కదలికా మోకాళ్ల మీద కదలికా చూడటానికి వేర్వేరు. అయినా మొదటిదానిలోని సాధన రెండోదానికి అక్కరకొచ్చింది. అంటే పాకడం తప్పనిసరి మెట్టు కాదు, అలాగని వృథా ప్రయాసా కాదు. పాకే బిడ్డను తొందరపెట్టి మోకాళ్ల మీద నిలబెట్టాలని చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఒకదాని నుంచి ఇంకోదానికి చేరే ఆ సాధన ఏమిటి? బరువు మార్చుకోవడం. బోర్లా ఉన్న బిడ్డ ముంజేతుల మీద ఛాతీ లేపి చూడటం మామూలుగా నాలుగో నెల ప్రాంతంలో కుదురుతుంది. అప్పుడు బరువు రెండు మోచేతుల మీదా సమంగా ఉంటుంది. ఆ స్థితిలో ఒక చెయ్యి చాచాలంటే ఆ చేతి మీది బరువు తీసేయాలి, అంటే ఒళ్లంతా రెండో పక్కకు ఒరగాలి. మొదట్లో బిడ్డకు ఇది తెలియక చెయ్యి ఎత్తగానే ఆ పక్కకు ముక్కు నేలకు తగిలేలా కూలుతుంది, లేదా పూర్తిగా వెల్లకిలా దొర్లిపోతుంది. కొన్ని వారాలు ఇలా పడగా పడగా ఒక రోజు కుడి చెయ్యి చాచేటప్పుడు ఎడమ మోచేయి గట్టిగా నిలుస్తుంది, నడుము కొద్దిగా వంగుతుంది, కుడి మోకాలు దానంతటదే పక్కకు మడుచుకుని పైకి వస్తుంది. బల్లి గోడమీద ఉన్నట్టు ఉండే ఆ భంగిమను కాస్త ఆగి చూడాలి. మడిచిన ఆ కాలు చాపితే ఒళ్లు ముందుకు జరుగుతుంది. పాకడం అప్పటికే అందులో ఉంది, కాలివేళ్లకు నేల మీద పట్టు దొరకడమే మిగిలింది.

అందుకే పాకడానికి సాయం అనగానే కాళ్ల వ్యాయామాలు గుర్తుకొచ్చినా, పని మొదలయ్యేది చేతులు చాచడం దగ్గర. అంతకుముందు బోర్లా గడిపిన సమయం దగ్గర.

ఈ సమయం గత మూడు దశాబ్దాల్లో తగ్గింది, దానికి మంచి కారణమే ఉంది. నిద్రలో హఠాత్తుగా జరిగే శిశు మరణాలను తగ్గించడానికి, పసిపిల్లల్ని బోర్లా నిద్రపుచ్చవద్దని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1992లో సూచించింది. 1994లో దానిమీద పెద్ద ప్రచారం మొదలైంది. ఆ తరువాతి ఏళ్లలో అక్కడ అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ సలహా నేటికీ శిరోధార్యమే, నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. అయితే నిద్రలో బోర్లా ఉండటం పోయాక మెలకువలో అయినా ఆ సమయం దొరకాలి. ఇంకా కదలడం రాని పసిపిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు, విడతలు విడతలుగా, బోర్లా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకేసారి గంటకు మించి సీట్లలో, బండ్లలో, వీపున కట్టుకుని బంధించి ఉంచవద్దన్నది కూడా వాటిలోనే ఉంది.

ముప్పై నిమిషాలు అనగానే చాలామంది తల్లులు నిట్టూరుస్తారు, బోర్లా వేసిన నిమిషానికే బిడ్డ గుక్కపట్టే ఇళ్లు తక్కువేమీ కావు. మూడు నిమిషాల చొప్పున పదిసార్లు అయినా లెక్క సరిపోతుంది. పుట్టిన కొత్తలో తల్లి లేదా తండ్రి వెనక్కి వాలి ఛాతీ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకున్నా అది బోర్లా గడిపిన సమయమే. ముఖం కనబడుతుంది కాబట్టి తల ఎత్తడానికి బిడ్డకు ఒక కారణం కూడా దొరుకుతుంది. కాస్త పెరిగాక నేలమీద వేసినప్పుడు మెత్తని తువ్వాలు చుట్టి చంకల కింద ఛాతీకి అడ్డంగా పెట్టి, చేతులు దాని ముందుకు వచ్చేలా సర్దితే మెడమీద భారం తగ్గుతుంది. పాలు తాగిన వెంటనే వద్దు, పొట్ట నొక్కుకుని కక్కుకుంటారు. ఇక అన్నిటికంటే పనిచేసేది, పెద్దవాళ్లు కూడా నేలమీద ఎదురుగా బోర్లా పడుకోవడం. పైనుంచి పిలిచే గొంతుకంటే కళ్లకెదురుగా ఉన్న ముఖం బిడ్డను ఎక్కువసేపు నిలుపుతుంది.

నేల గురించి ఎంత చెప్పినా తక్కువే. మెత్తని పరుపు మీద మోచేయి దిగబడిపోతుంది, తోసిన బలమంతా పరుపు మింగేస్తుంది. పాకడానికి గట్టి నేల కావాలి. అయితే గట్టి నేల మీద కూడా రెండు అవసరాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. పొట్ట జారాలి, కాలివేళ్లు జారకూడదు. పొట్ట జారకపోతే బిడ్డ ఎంత లాగినా ఉన్నచోటే ఉంటుంది. వేళ్లు జారితే ఎంత తోసినా గాలిలో తన్నినట్టే. ఇక్కడే బట్టల ఎంపిక పనికొస్తుంది. ఛాతీ, పొట్ట కప్పే నున్నటి పల్చని చొక్కా, మోచేతుల కిందా మోకాళ్ల కిందా ఒట్టి చర్మం, మేజోళ్లు లేని పాదాలు. చర్మానికి నేల మీద పట్టు దొరుకుతుంది, చొక్కాకు దొరకదు. పాదాలు కప్పేసే జారుడు దుస్తులు వేసి నున్నటి నేలమీద వదిలితే ఏ బిడ్డయినా చేతులెత్తేస్తుంది. పొట్ట మీద బొత్తాలు, కుచ్చులు, బరువైన డైపరు కూడా అడ్డమే. నేల చల్లగా ఉంటే పల్చని చాప వేయవచ్చు, కానీ అది కింద జరిగిపోకుండా నిలవాలి.

బట్ట, నేల ఇంత తేడా తెస్తాయా అనిపించవచ్చు. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుట్టిన కాలాన్ని బట్టి పిల్లలు ఎప్పుడు దోగాడతారో పరిశీలించారు. డిసెంబరు నుంచి మే లోపు పుట్టినవాళ్లు సగటున 30 వారాలకు మొదలుపెడితే, జూన్ నుంచి నవంబరు లోపు పుట్టినవాళ్లు 35 వారాలకు మొదలుపెట్టారు. రెండోవాళ్లకు కదలిక నేర్చుకునే వయసు చలికాలంలో వచ్చింది. పొరలు పొరలుగా వేసే బట్టలు, నేలమీద గడిపే సమయం తగ్గడం దీనికి కారణాలై ఉండవచ్చని వాళ్లు భావించారు. ఐదు వారాల తేడా అంటే ఆ వయసులో చిన్నది కాదు, పిల్లల తెలివితో దానికి సంబంధం కూడా లేదు.

నేల కుదిరాక దూరం. బొమ్మను ఎదురుగా చాలా దూరాన పెట్టి రమ్మని పిలిస్తే బిడ్డకు ఆశ చచ్చిపోతుంది. చేతికి అందేలా పెడితే కదలాల్సిన పని ఉండదు. వేళ్లు తగిలీ తగలనట్టుండే దూరమే సరైనది. అదీ తిన్నగా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, భుజం వైపు పెట్టాలి. పక్కనున్న వస్తువు కోసం చాచినప్పుడే బరువు మారుతుంది, మోకాలు పైకొస్తుంది, గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. దొర్లిపోయే బంతికంటే ఉన్నచోట ఉండే వస్తువు నయం, చేరేలోపే పారిపోయేదాన్ని కొత్తగా పాకేవాళ్లు వదిలేస్తారు. ఆశపడి దగ్గరకు వచ్చేసరికి బొమ్మను ఇంకాస్త వెనక్కి లాగడం మాత్రం చేయకూడదు. కష్టపడితే దక్కుతుందన్న నమ్మకమే బిడ్డను రేపు మళ్లీ కదిలిస్తుంది. మొదట్లో చెప్పిన బిడ్డలా వెనక్కి జరిగి ఏడ్చినప్పుడు బొమ్మను చేతిలో పెట్టేయకుండా, వేళ్లకు తగిలేంత దగ్గరకు జరిపితే చాలు.

కాళ్లకు చేయదగిన సాయం ఒకటుంది. బిడ్డ ఒక మోకాలు మడిచి పక్కకు పెట్టినప్పుడు అరికాలి వెనక పెద్దవాళ్ల అరచేయి గోడలా ఆనించి ఉంచాలి. తోయకూడదు. కదలకుండా ఉంచితే చాలు, ఎదురు దొరికిన పాదం చాపుకుంటుంది, ఒళ్లు బెత్తెడు ముందుకు పోతుంది. తర్వాత రెండో కాలికి అలాగే. నిజానికి అప్పుడే పుట్టిన బిడ్డ కూడా బోర్లా ఉండగా అరికాళ్లకు చెయ్యి ఆనిస్తే పాకుతున్నట్టు కాళ్లు తోస్తుంది, కానీ అది పుట్టుకతో వచ్చిన అసంకల్పిత కదలిక, కొన్ని నెలల్లో కనుమరుగవుతుంది. ఏడో నెలలో కావాలని తోయడం వేరు. అరచేయి ఆనిన ఒకటి రెండు క్షణాలు బిడ్డ ఆగి, ఆలోచించినట్టు ఉండి తోస్తే అదే కావలసింది. అరచేయి ముందుకు నెట్టడం మొదలుపెడితే కాలు పని మానేస్తుంది, నెట్టించుకోవడమే అలవాటవుతుంది. చేతులు పట్టి ముందుకు లాగడం అంతకంటే తప్పు. దానివల్ల బరువు మార్చుకోవడం రాదు సరికదా, పసిపిల్లల మోచేతి కీలు ఇంకా వదులుగా ఉండి, హఠాత్తుగా లాగితే ఎముక పట్టు తప్పుతుంది.

రోజూ కసరత్తులా గంటలకొద్దీ చేయించాల్సిన పని కాదిది. ఫిలడెల్ఫియాలో గ్లెన్ డోమన్, కార్ల్ డెలకాటో పాకడం, దోగాడటం వంటి కదలికల్ని పదేపదే చేయించడం ద్వారా మెదడును తీర్చిదిద్దవచ్చని ఒక పద్ధతి ప్రచారం చేశారు. దానికి ఆధారాలు లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1968లో, 1982లో, మళ్లీ 1999లో ప్రకటించింది. అయినా పాకని బిడ్డకు చదువు అబ్బదనే భయం ఏదో ఒక రూపంలో నేటికీ తల్లిదండ్రుల చెవిన పడుతూనే ఉంది. ఆ భయానికి గట్టి రుజువు లేదు. పాకడం మంచి సాధన అనడానికి అడాల్ఫ్ బృందం చూపినంత ఆధారం చాలు, దాన్ని చదువుకో తెలివికో ముడిపెట్టనక్కర్లేదు.

వాకర్ల విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడటానికి వీల్లేదు. చక్రాల వాకర్‌లో కూర్చున్న బిడ్డకు వస్తువు దగ్గరకు చేరడానికి కాలి మునివేళ్లతో ఒక్క తోపు చాలు. బరువు మార్చడం, మోచేయి నిలపడం, నడుము వంచడం ఏవీ అవసరం రావు. ఐర్లండ్‌లో జరిగి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, వాకర్‌లో గడిపిన ప్రతి 24 గంటల మొత్తానికి ఒంటరి నడక 3.3 రోజులు, ఒంటరిగా నిలబడటం 3.7 రోజులు ఆలస్యమైనట్టు తేలింది. ఇక ప్రమాదాలు, ముఖ్యంగా మెట్లమీద నుంచి పడటం, ఎంతగా ఉన్నాయంటే కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నడక త్వరగా వస్తుందని కొనే వస్తువు నడకనే వెనక్కి నెడుతోంది.

మరి ఎప్పటిదాకా ఎదురుచూడవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని చూసి 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం మోకాళ్ల మీద దోగాడటం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఎనిమిది నెలలకు పైగా తేడా ఉన్న కిటికీ అది. ఆ పిల్లల్లో 4.3 శాతం మంది అసలు దోగాడకుండానే నడిచారు. పొట్టమీద పాకడానికి ఆ సంస్థ ప్రత్యేకంగా గడువే పెట్టలేదు. 2022లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ తన ఎదుగుదల పట్టికలోంచి దోగాడటాన్ని పూర్తిగా తీసేసింది. చాలామంది ఫిజియోథెరపిస్టులు దానికి అభ్యంతరం చెప్పారు, వాళ్ల అభ్యంతరంలో న్యాయముంది. అందరూ చేయనిది గడువుగా పనికిరాకపోవచ్చు, కానీ పట్టికలోంచి తీసేస్తే బిడ్డను నేలమీద వదలాలన్న గుర్తే తల్లిదండ్రులకు లేకుండా పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును పుట్టిన రోజు నుంచి కాక, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలి. బోర్లా ఉండటం అసలు గిట్టక, కూర్చున్నచోటి నుంచే దేకుతూ తిరిగే పిల్లలూ ఉంటారు. వాళ్లు నడవడానికి తరచు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తల్లిదండ్రుల్లోనూ చిన్నప్పుడు ఎవరో ఒకరు అలాగే దేకినవాళ్లై ఉంటారు.

ఆలస్యంకంటే ముందుగా గమనించాల్సింది రెండు పక్కల మధ్య తేడా. పాకడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కాలితోనే తోయడం మామూలే. కానీ వారాలు గడుస్తున్నా ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటే, ఒక పక్క కాలు ఎప్పుడూ ఈడ్చుకుంటూనే వస్తుంటే, ఏడాది కూడా నిండకముందే ఒక చేతినే వాడుతుంటే పిల్లల డాక్టరుకు చూపించాలి. కాళ్లు కర్రల్లా బిగుసుకుని కత్తెరలా పెనవేసుకోవడం, ఒళ్లంతా గుడ్డలా వేలాడటం, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, అప్పటికే వచ్చిన నేర్పు మళ్లీ పోవడం కూడా అంతే. ఇవి ఉన్నప్పుడు నేల మార్చి, బట్ట మార్చి చూద్దామని నెలలు గడపకూడదు.

పాకడం వచ్చిన రోజు నుంచే ఇల్లు మారాలి. బిడ్డ కళ్లు నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటాయి, నిలబడి చూసినవాళ్లకు కనబడనివి ఆ కళ్లకు కనబడతాయి. మంచం కింద దొర్లిన నాణెం, గుండీ, బటన్ బ్యాటరీ. వీటిలో బ్యాటరీ ఎక్కువ ప్రమాదం, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి గోడను కాల్చేయగలదు. అందుకే ఒకసారి పెద్దవాళ్లు కూడా పొట్టమీద పాకుతూ గది చుట్టి రావడం మంచిది. మంచం అంచు సంగతీ ఉంది. ఏటవాలు పలకల మీద అడాల్ఫ్ చేసిన ప్రయోగాల్లో కొత్తగా కదలిక నేర్చిన పిల్లలు నిటారుగా ఉన్న వాలు మీదికి కూడా నేరుగా దూకేశారు. వారాల అనుభవం తర్వాతే అంచు దగ్గర ఆగడం నేర్చుకున్నారు. ఆ పిల్లలే నడక మొదలుపెట్టాక మళ్లీ మొదటికొచ్చారు. ఒక కదలికలో తెలిసిన జాగ్రత్త కొత్త కదలికకు పనికిరాదన్నమాట. నిన్నటిదాకా మంచం మధ్యలో కదలకుండా ఉన్న బిడ్డను ఇవాళ అక్కడ వదిలి తలుపు దాకా వెళ్లడానికి వీల్లేదు.

పాకడం కుదిరిన కొన్నాళ్లకు బిడ్డ అరచేతుల మీద, మోకాళ్ల మీద పొట్ట లేపి ముందుకూ వెనక్కూ ఊగడం కనిపిస్తుంది. ఎక్కడికీ వెళ్లదు, ఊగుతూనే ఉంటుంది. అది కూడా బరువు లెక్కే, ఈసారి నాలుగు కాళ్ల మీద. అప్పుడు పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తాల్సిన పనిలేదు, మోకాళ్లకు నొప్పి కలగని నేల ఉంటే చాలు. రెండడుగులు దోగాడి, కావలసింది కనబడగానే దబ్బున పొట్టమీద పడి పాత పద్ధతిలో చరచరా పాకిపోయే రోజులూ ఉంటాయి. తొందరలో ఉన్న బిడ్డ తనకు బాగా వచ్చినదాన్నే వాడుకుంటుంది. మోకాళ్ల మీద వేగం పొట్టమీద వేగాన్ని దాటేదాకా ఆ రెండూ పక్కపక్కనే సాగుతాయి.